తుట్టె తీసే ముందు

కదిరి నుంచి గోరంట్ల మీదుగా హిందూపురం పోయే దారిలో ఓబులదేవరచెరువు వస్తుంది. చుట్టూ బండరాళ్ల గుట్టలు, మధ్యలో చింత, కానుగ, వేప. ఇలాంటి నేలలో పెద్ద తేనెటీగ వెతికేది ఎత్తైన రాతిచరియ: పైన వాన తడవని కప్పు, కింద ఎవరూ అందుకోలేని ఖాళీ. మంచినీళ్ల ట్యాంకు అడుగుభాగం సరిగ్గా అలాగే ఉంటుంది. బడి మీది సన్‌షేడు కూడా అంతే. పుట్టతేనె ఈగకు కావలసింది చీకటి తొర్ర, సన్నటి వాకిలి. పాత మిద్దె గోడలో పగులు, వాడకం లేని కరెంటు మీటరు పెట్టె ఆ రెండూ ఇస్తాయి. గుట్టల్ని కంకరగా మార్చి, రోడ్డు కోసం మాను కొట్టి, వాటి స్థానంలో మనం కట్టుకున్నదాన్నే ఈగలు చరియ అనుకున్నాయి, తొర్ర అనుకున్నాయి. వాటి లెక్కలో తప్పేమీ లేదు.

తుట్టె తీసే మనిషికి ఈ సంగతి బాగా తెలుసు. పిలిచేవాళ్లు కంగారులో పిలుస్తారు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఎల్లుండి పెండ్లి ఉంది, ఈ పూటే తీసేయల్ల అంటారు. పని తెలిసినవాడు వచ్చీరాగానే పొగ పెట్టడు. నిలబడి చూస్తాడు. ఏ రకం ఈగ, ఎంత ఎత్తులో ఉంది, కింద ఎవరు తిరుగుతారు, పట్టులో పిల్లలున్నాయా, చుట్టుపక్కల ఏ చెట్టు పూతలో ఉంది. పెద్ద ఈగ అయి, ఎవరికీ అడ్డం లేని ఎత్తులో ఉంటే, చాలాసార్లు అతని నోట వచ్చే మాట ఒకటే: "ఇప్పుడొద్దులేన్నా. పూత అయిపోతే అవే పోతాయి."

కూలి దక్కే పనిని వద్దని చెప్పడం ఈ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద నేర్పు. ఎందుకంటే పెద్ద తేనెటీగను పెట్టెలో నిలకడగా పెంచడం ఇంతవరకూ దాదాపు ఎవరికీ సాధ్యపడలేదు. అది ఆరుబయట ఒకే ఒక్క పట్టు పెడుతుంది, మీటరు వెడల్పు దాకా. దాన్ని వేరేచోటికి మార్చామని ఎవరు చెప్పినా, నిజానికి జరిగేది పట్టు కోయడమే. ఎగరగలిగినవి లేచిపోతాయి, అరల్లోని పిల్లలు చస్తాయి. కాస్త ఓపిక పడితే ఆ చావు అవసరమే లేదు. ఈ జాతి పూతను బట్టి వలస పోతుంది, వంద కిలోమీటర్లు దాటి కూడా పోతుంది. పోయి, మళ్లీ పాత చోటికే వస్తుంది. అలా తిరిగొచ్చేది పాత కుటుంబమేనని జన్యు పరీక్షలతో తేల్చిన పరిశోధన 2000లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. రాణి అదే కావచ్చు. కూలి ఈగల్లో మాత్రం ఆ నడుమ తరాలే మారిపోతాయి. ట్యాంకు కింద మళ్లీ వేలాడుతున్న వాటిలో ఎక్కువభాగం ఆ చోటును మునుపు చూసినవి కావు. ఒక్కొక్క ఈగ ఆయుష్షు కన్నా పొడుగైన జ్ఞాపకం ఒకటి ఆ గుంపులో ఉంది. దాని ముందు ఇంటిపట్టా చేతపట్టుకుని నిలబడితే, సొంతదారు అనే మాట కొంచెం బరువు తగ్గుతుంది.

పుట్టతేనె ఈగ కథ వేరు. దాన్ని నిజంగానే మార్చవచ్చు. గోడకు చెవి ఆనిస్తే లోపలి గుంయ్‌మనే మోత ఏ అడుగు దగ్గర ఎక్కువో తెలుస్తుంది. పిల్లలున్న చోటును ఈగలు ముప్పై అయిదు డిగ్రీల దగ్గర కాపాడుకుంటాయి కాబట్టి చేతికి వెచ్చదనమూ తగులుతుంది. కొబ్బరిపీచు పొగ కొద్దిగా ఊది, గచ్చు ఊడదీస్తే, వరసగా వేలాడే పట్టులు కనిపిస్తాయి. పిల్లలున్న పట్టును జాగ్రత్తగా కోసి, చట్రంలో నిలబెట్టి, అరటినారతో కట్టి, పెట్టెలో పెడతారు. కొన్నాళ్లకు ఈగలే మైనంతో అతికించుకుంటాయి. తరవాత రాణి కోసం వెతుకులాట. అది పెట్టెలో చేరిందో లేదో ఈగలే చెబుతాయి. వాకిట్లో కొన్ని నిలబడి, పొట్ట పైకెత్తి, రెక్కలు విసురుతూ వాసన వదులుతాయి, రమ్మని. గోడ మీదున్నవి గుంపులు గుంపులుగా లోపలికి నడుస్తాయి. అక్కడితో మనిషి పని సగం అయిపోయినట్టే. మేతకు పోయినవి తిరిగొచ్చేదాకా, పొద్దు గూకేదాకా, పెట్టె అక్కడే ఉండాలి. చీకటి పడ్డాక వాకిలి మూసి, రెండు మూడు కిలోమీటర్ల అవతలికి తీసుకుపోవాలి. దగ్గర్లో పెడితే పొద్దున్నే అవన్నీ పాత గోడకే వచ్చేస్తాయి.

ఈగలు ఆ గోడను ఎంచుకోవడం కూడా ఆషామాషీ కాదు. 1949లో మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అనే శాస్త్రవేత్త ఒక ఈగల గుంపును చూశాడు. దాని మీద నాట్యమాడుతున్న ఈగల్లో కొన్ని మసి కొట్టుకుని, కొన్ని ఇటుకదుమ్ముతో ఎర్రబడి ఉన్నాయి. అవి మేత వెతికేవి కావు, యుద్ధంలో కూలిన ఇళ్లలో, పొగగొట్టాల్లో కాపురానికి చోటు వెతికి వచ్చినవని అతను గుర్తించాడు. ఒక్కొక్కటి తాను చూసిన చోటును నాట్యంతో చెబుతుంది, మిగతావి వెళ్లి చూసి వస్తాయి, చివరికి అన్నీ ఒక చోటికి ఒప్పుకుంటాయి. మీటరు పెట్టెలోని తుట్టె వెనక కూడా అంత చర్చ జరిగి ఉంటుంది.

అయినా తీయక తప్పని చోట్లు ఉన్నాయి, వాటి విషయంలో మొహమాటం పనికిరాదు. బడి గుమ్మం మీద పెద్ద ఈగ తుట్టె ఉంటే, పిల్లలు రాళ్లు వేయకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. ఒక ఈగ కుట్టినచోట అరటిపండు లాంటి వాసన మిగులుతుంది, అదే మిగతావాటికి పిలుపు. చేతులు విసిరితే ఇంకా మీద పడతాయి. దూరంగా పరుగెత్తి తలుపు వేసుకోవడమే దారి. ఒంటికి పడనివాళ్లకు ఒక్క కాటైనా ప్రాణాంతకం కావచ్చు. అలాంటప్పుడు పట్టు పోతుంది, బాధపడుతూనే పోనివ్వాలి.

ఒప్పుకోలేనిది మందు కొట్టడం. చచ్చిన ఈగలు కుప్పపడతాయి, గోడలోని తేనె కారుతుంది, చీమలు పడతాయి, అరల్లోని పిల్లలు కుళ్లుతాయి. ఆ విషపు తేనెను పక్క తుట్టె ఈగలు దోచుకుపోయి తామూ చస్తాయి. పుణెలో అమిత్ గోడ్సే అనే ఇంజనీరు తాను ఉండే భవనంలో ఇలా మందు కొట్టి ఈగల్ని చంపడం చూసి తట్టుకోలేకపోయాడు. తరవాత ఉద్యోగం వదిలి, తుట్టెల్ని చంపకుండా తీసే పనినే బతుకుగా చేసుకున్నాడు.

నల్లమల చెంచులు కొండచరియకు తాడుతో దిగి తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. అక్కాచెల్లెళ్ల పసుపుకుంకుమలు తన పిడికిట్లో ఉన్నాయని అతనికి తెలుసు. మిద్దె ఎక్కి తుట్టె తీసేవాడికి అలా తాడు పట్టేవాళ్లు ఉండరు. కింద నిలబడి సెల్‌ఫోనులో బొమ్మ తీసేవాళ్లు ఉంటారు. వాళ్లు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి: వీధి దీపం ఆర్పడం, కుక్కను లోపల కట్టేయడం, పక్కింటివాళ్లకు ముందే చెప్పడం. తీశాక మిగిలిన మైనమంతా గీకి, గోడ కడిగి, పగులును సిమెంటుతో పూడ్చాలి. వాసన మిగిలితే వచ్చే ఏడు ఇంకో గుంపు వస్తుంది. పూడ్చకుండా వదిలేసినవాళ్లే మళ్లీ పిలుస్తారని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు.