మన రేవు, మన కీర్తన

నేటి పఠనం: కీర్తనలు 104

గోదావరి జిల్లాల్లో విశ్వాసుల ఇళ్ళకి వెళితే ముందుగదిలో తరచూ ఒక క్యాలెండర్ కనిపిస్తుంది. మంచు కప్పిన కొండ, దాని కింద కదలని సరస్సు, ఒడ్డున పచ్చిక, నాలుగు గొర్రెలు. అడుగున 23వ కీర్తన. ఆ కొండ ఏ దేశానిదో ఇంట్లోవాళ్ళకి తెలీదు, అచ్చువేసినాయనకీ తెలిసుండదు. పాలకొల్లు ఉక్కపోతలో ఫ్యాను కింద కూర్చుని చూస్తే కళ్ళకి చల్లగానే ఉంటుంది, కాదనను. కానీ చిన్నప్పట్నుంచీ అదే చూడగా చూడగా, దేవుని పచ్చిక బయళ్ళంటే విమానం ఎక్కి వెళ్ళాల్సిన చోటని మనసులో ముద్రపడిపోతుంది.

ఈ బొమ్మల పూర్వీకులు 19వ శతాబ్దపు ఐరోపా ప్రకృతి చిత్రాలు. వాటిలో బాగా పేరుపొందినది జాన్ కానిస్టబుల్ 1821లో వేసిన 'ది హే వెయిన్'. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, వెడల్పు ఆరడుగుల పైమాటే. చిత్రమేమిటంటే అందులో మంచు కొండ లేదు. మోకాలిలోతు ఏటిలో ఖాళీ గడ్డిబండి, గుర్రాలు, ఒడ్డున కుక్క, ఎడమపక్క పాత ఇల్లు. ఎక్కడో దూరాన పొలంలో గడ్డి కోసేవాళ్ళు చీమలంత. మిగతాదంతా మబ్బులు. కానిస్టబుల్ తండ్రికి ఆ స్టవర్ నది మీదే పిండిమర ఉండేది, సరుకు పడవల మీద పోయేది. అందుకే కొడుకు బొమ్మల నిండా లాకులు, సరుకు పడవలు, గట్టు వెంట పడవల్ని లాగే గుర్రాలు. ధవళేశ్వరం లాకుల దగ్గర పెరిగినవాళ్ళకి ఇందులో కొత్తేముంది? 1824లో ఈ బొమ్మకి పారిస్‌లో బంగారు పతకం ఇచ్చారు. ఆయన వెళ్ళలేదు. బతికినన్నాళ్ళూ ఇంగ్లండు దాటి వెళ్ళలేదు. పడవ సరంగు చూసినట్టు ఆకాశాన్ని చూస్తూ కూర్చునేవాడు. మబ్బుల బొమ్మలు వేసి, వెనకాల తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందో రాసిపెట్టుకునేవాడు.

104వ కీర్తన రాసిన భక్తుడి పద్ధతీ ఇదే. లెబానోను దేవదారులు, చెట్టుమీద కొంగ గూడు, ఎత్తైన కొండల మీద మేకలు, సముద్రంలో ఓడలు. అన్నీ తన కంటికి ఆనినవే, తన చుట్టుపక్కలవే. రాత్రి సింహం పిల్లలు దేవుణ్ణి ఆహారం అడుగుతాయి. పొద్దు పొడవగానే అవి గుహలకి మళ్ళుతాయి, అప్పుడు మనిషి పనికి బయల్దేరతాడు, సాయంకాలందాకా. ఆ పనికి వెళ్ళే మనిషి కీర్తనలో ఎంతుంటాడో, కానిస్టబుల్ పొలంలో గడ్డి కోసేవాడూ అంతే ఉంటాడు. ఇద్దరూ చిన్నవాళ్ళే, అయినా ఎవరూ వాళ్ళని చెరిపేయలేదు.

మన రాజమండ్రి సంగతికొద్దాం. 1909లో ఇక్కడి ఆర్ట్స్ కళాశాలకి ప్రిన్సిపాల్‌గా ఓస్వాల్డ్ కూల్డ్రే దొర వచ్చారు. తానూ నీటిరంగుల చిత్రకారుడే. విద్యార్థులకి బొమ్మలమీద కన్ను నిలిపేలా చేసినవారాయన. ఆయన ప్రోత్సాహంతో చిత్రకారుడు దామెర్ల రామారావుగారు బొంబాయి జె.జె. స్కూల్లో ఐరోపా పద్ధతులు నేర్చుకున్నారు. నేర్చుకుని వచ్చి వేసింది మాత్రం మన మనుషుల్ని, మన గోదావరిని. ఆయన పేరుతో ఉన్న గ్యాలరీ రాజమండ్రిలోనే ఉంది. 

నీటిరంగుల్లో ఒక కిటుకుంది. ఇంగ్లీషువాళ్ళ పాత పద్ధతిలో వెలుగు కోసం తెల్లరంగు పూయరు. నీటి మీద ఎండ తళుకు కావాలంటే ఆ కాస్త మేరా కుంచె తగలకుండా కాగితాన్ని వదిలేయాలి. ఎక్కడ వదలాలో ముందే తెలిసుండాలి, ఒకసారి రంగు తగిలితే ఆ తెలుపు మళ్ళీ పూర్తిగా రాదు. అందుకని చేతికంటే ముందు కన్ను చాలాసేపు పనిచేయాలి. మన ఉదయ ప్రార్థనల్లో ఇదే కరువు. కళ్ళు మూసుకున్న మరుక్షణం అడగడం మొదలుపెడతాం.

రామారావుగారు 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయారు. 28 ఏళ్ళు కూడా నిండలేదు. భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు ఇద్దరూ చిత్రకారిణులే. స్నేహితుడు వరదా వెంకటరత్నంగారు ఆయన మొదలుపెట్టిన చిత్రకళాశాలని ముందుకు నడిపారు. కీర్తనలో 29వ వచనం చూడండి. ఊపిరి తీసేసుకుంటే ప్రాణులు మన్నైపోతాయి. 30లో ఆత్మ వస్తే భూమి ముఖం కొత్తదవుతుంది. ఈ రెంటికీ మధ్య భక్తుడు ఏ వివరణా ఇవ్వలేదు. నాకూ ఇవ్వాలనిపించడం లేదు.

క్యాలెండరు కొండతో సుఖం ఇక్కడే ఉంది. దాన్ని చూస్తే మనకి ఎవరూ గుర్తురారు. కొబ్బరితోట అలా కాదు. కోనసీమలో కొబ్బరిచెట్టు పేరెత్తితే 1996 నవంబరు తుపాను గుర్తొస్తుంది, వేళ్ళతో సహా లేచిపోయిన తోటలు గుర్తొస్తాయి. గోదావరి అంటే 1986 వరద గుర్తొస్తుంది. మన చోటు పేరు పెట్టి దేవుణ్ణి స్తుతించాలంటే ఆ జ్ఞాపకాలని పక్కన పెట్టి స్తుతించలేం. కీర్తనకారుడు కూడా పక్కన పెట్టలేదు. ఆయన చూపిన భూమి దేవుడు చూడగానే వణుకుతుంది, కొండలు తాకగానే పొగలు కక్కుతాయి. అయినా దేవుడు తన పనులను బట్టి ఆనందించాలని ఆ పక్కనే కోరుకుంటాడు.

ఈ ఉదయం 10 నుంచి 18 వరకు వచనాలు నిదానంగా చదవండి. లోయల ఊటలు ఉన్నచోట మీ ఊరి కాలువ పేరు పెట్టండి. దేవదారు ఉన్నచోట మీ వీధి చివరి చెట్టు. కొంగని మాత్రం మార్చక్కర్లేదు, అది మన చేలల్లోనూ ఉంది.

ప్రార్థన: తండ్రీ, లెబానోను నీది, ఈ లంకలూ నీవే. ఈ వేళకి ఊడుపులకి దిగిన అక్కచెల్లెళ్ళ నడుములకి బలమియ్యి. ఇసుక పడవల మీద వెళ్ళినవాళ్ళని సాయంత్రానికి ఇల్లు చేర్చు. తుపానులో తోట పోయినవాళ్ళ మాట నీకు వేరే చెప్పనక్కర్లేదు. యేసు నామమున, ఆమేన్.