సంతకం ఆమెది, సంపాదన ఎవరిది?

పురుషులే నిండిన వ్యాపారంలోకి స్త్రీ దిగవచ్చా అని మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. లారీల రవాణా, తోళ్ల పరిశ్రమ, రాళ్ల క్వారీ, కాంట్రాక్టు పనులు అడిగేవారి మనసులో ఉంటాయి. దీనికి జవాబు కొత్తగా వెదకనక్కర లేదు. జవాబు తెలిసిన తర్వాత కూడా మనం తప్పించుకుంటున్న ప్రశ్న ఒకటుంది. మా ఉద్దేశం దాని గురించి మాట్లాడడమే.

ఖురైషుల బతుకంతా బిడారు వ్యాపారం మీదే నడిచేది. చలికాలంలో యమన్‌కు, వేసవిలో షామ్‌కు ప్రయాణాలు. ఎడారి దారి, ఒంటెలు, దోపిడీ భయం, పరాయి ఊరి సంతలో బేరాలు. ఇదంతా మగవాళ్ల లోకం. ఆ లోకంలో హజ్రత్ ఖదీజా (రజి) సొంత పెట్టుబడి గల వర్తకురాలు. తగిన మనిషిని ఎంచుకొని, లాభంలో వాటా మాట్లాడుకొని ఆమె సరుకు పంపేవారు. ముహమ్మద్ (స) గారి నిజాయితీ గురించి విని, ఇతరులకు ఇచ్చేదానికంటే ఎక్కువ ఇస్తానని కబురు చేసి, షామ్‌కు తన సరుకు అప్పగించారు. అప్పటికి ఆయన వయసు సుమారు 25 సంవత్సరాలు. వెంట తన సేవకుడు మైసరాను పంపారు. మైసరా తిరిగి వచ్చి దారిలో చూసిందంతా ఆమెకే విన్నవించాడు. మనిషిని ఎంచింది ఆమె, వాటా నిర్ణయించింది ఆమె, లెక్క విన్నదీ ఆమే.

అది ఇస్లాంకు పూర్వపు మాట కదా అని కొందరు అంటారు. సరే, మదీనా కాలానికే వద్దాం. హజ్రత్ జాబిర్ (రజి) గారి పిన్నమ్మ విడాకుల తర్వాత ఇద్దత్‌లో ఉండగా తన ఖర్జూరాలు కోసుకోవడానికి బయలుదేరారు. ఒకాయన ఆమెను మందలించాడు. ఆమె నేరుగా దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్లి అడిగారు. వెళ్లి కోసుకోమనీ, దాన్నుంచి దానమో మరో మేలో చేయవచ్చుననీ ఆయన సెలవిచ్చారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. (ఇద్దత్‌లో బయటికి వెళ్లే విషయమై ఫిఖహ్ పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి, అది వేరే చర్చ.)

ఇక హద్దుల మాట. ఏకాంతంలో పరపురుషునితో ఉండకూడదు, పరదా పాటించాలి, ఇంటి హక్కులు కాపాడాలి. ఇందులో మాకు సందేహం లేదు. కానీ సూరహ్ నూర్‌లో చూపులు దించుకోమన్న ఆజ్ఞ 30వ ఆయత్‌లో ముందుగా పురుషులకే వచ్చింది, స్త్రీలకు 31వ ఆయత్‌లో. గోదాములో మగవాళ్ల నడవడి బాగా లేకపోతే దిద్దవలసింది వాళ్లనే. గోదాము యజమానురాలిని ఇంటికి పంపితే ఆ ఆజ్ఞ నెరవేరినట్టు కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. స్త్రీల పేరు మీద అప్పు సులువుగా దొరికే పథకాలు వచ్చాయి. 2016లో మొదలైన స్టాండప్ ఇండియాలో, స్త్రీ పేరున అప్పు కావాలంటే, ఉమ్మడి సంస్థ అయితే కనీసం 51 శాతం వాటా, నడిపే అధికారం ఆమె చేతిలోనే ఉండాలని నియమం పెట్టారు. ఈ షరతు ఎందుకు పెట్టారో తెలిసిందే. అయినా భార్య పేరు కాగితం మీద, చెక్కుబుక్కు భర్త జేబులో ఉన్న ఇళ్లు లేవా? సంతకం పెట్టమన్నప్పుడు పెడుతుంది. ఏ సరుకు వచ్చిందో, ఎవరు బాకీ ఉన్నారో ఆమెకు తెలియదు. వ్యాపారం దెబ్బతింటే బ్యాంకు నోటీసు మాత్రం ఆమె పేరునే వస్తుంది.

షరీఅత్ ఇక్కడ ఏమంటుంది? నష్టభారం ఎవరు మోస్తారో రాబడికి హక్కు వారిదేనన్నది హదీసులోంచి వచ్చిన సూత్రం. ముదారబత్ ఒప్పందంలోనూ ఇంతే. నిర్లక్ష్యం, ద్రోహం లేకుండా నష్టం వస్తే పెట్టుబడిదారు సొమ్ము పోతుంది, పనిచేసినవాడి శ్రమ పోతుంది, అందుకే లాభంలో ఇద్దరికీ వాటా. మన ఇళ్లలో నష్టం ఆమె మీద, లాభం ఇతని చేతిలో! ఇక ప్రభుత్వానికి రాసిచ్చిన ఆ అబద్ధం? దానికి దోఖా అని తప్ప వేరే పేరు మాకు దొరకలేదు.

పురుషుల సంపాదనలో పురుషులకు, స్త్రీల సంపాదనలో స్త్రీలకు భాగముందని సూరహ్ నిసా 32వ ఆయత్ బోధిస్తోంది. ఇంగ్లండులో వివాహిత స్త్రీకి పూర్తి ఆస్తి హక్కు 1882 చట్టంతో గాని రాలేదని మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవచ్చు, నిజమే. అదే సభ ముగిశాక ఇంటికొచ్చి భార్య ఖాతాలోని డబ్బు అడగకుండా తీసేవాడిని ఏమనాలి? హజ్రత్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) గారి సతీమణి జైనబ్ (రజి), భర్త మీదా తన పోషణలోని అనాథల మీదా ఖర్చు చేస్తే సదఖా అవుతుందా అని అడిగించారు. రెండు పుణ్యాలు దక్కుతాయని దైవప్రవక్త (స) శుభవార్త చెప్పారు. భర్తకు ఇచ్చింది దానంగా లెక్కకొచ్చిందంటే అది అతనికి రావలసిన బాకీ కాదన్న మాట.

భార్యాభర్తలు కలిసి నడుపుకోవడంలో తప్పేమీ లేదు. ఎవరి పెట్టుబడి ఎంత, ఎవరి వాటా ఎంత అన్నది రాసుకోవాలి. రాసుకోనివారికి లెక్క తేల్చే రోజులు రెండున్నాయి. ఒకటి జకాత్ రోజు. దుకాణంలోని సరుకు మీద జకాత్ చెల్లించవలసింది ఎవరు? రెండోది మరణం. ఆమె చనిపోతే, పిల్లలుంటే భర్తకు నాలుగో వంతు, బతికుంటే తల్లిదండ్రులకు చెరో ఆరో వంతు, మిగిలింది పిల్లలకు. అప్పటిదాకా అంతా ఆమెదేనని బ్యాంకుకు చెప్పిన మనిషి, ఆమె తల్లి వాటా అడగగానే ‘పేరు మాత్రమే ఆమెది’ అంటాడు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో ఖాజీ ముందు గాక ఈరోజే, ఆమె బతికుండగానే, ఆమెకు చెప్పవచ్చు కదా.