క్రీడయం దధర్మము: బాధ్యులెవరు?

అమెరికా దేశమున బేస్‌బాల్ ఆటకు గల గౌరవ మింతింతయని చెప్పరాదు. అచ్చటి తండ్రులు పూర్వపు టాటగాండ్ర లెక్కలను కొడుకులకు పురాణకథలవలె చెప్పుదురు. అట్టి లెక్కలలో మోసము చొచ్చినదని తెలిసినప్పుడు ఆ జాతి మనసు నొచ్చెను. కండలు పెంచు స్టెరాయిడులను రహస్యముగ వాడి యాడిన దోష మెవరిది? వాడినవానిదే యని లోకులు సులభముగ తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు చాలునా యని మేము విచారింపదలచితిమి.

1991లో నాటి కమిషనరు ఫే విన్సెంటు ఈ మందులు నిషిద్ధములని జట్లకు జాబు వ్రాసెను. నిషేధము కలదు గాని పరీక్ష లేదు. కావలి లేని చేనికి హద్దురాళ్లు పాతినట్లయ్యెను. 1994లో ఆటగాండ్ర సమ్మెవలన వరల్డ్ సిరీస్ పోటీలే నిలిచిపోయి, ప్రేక్షకులు విముఖులైరి. 1998లో మార్క్ మెగ్వయిరు 70, శామీ సోసా 66 హోమ్‌రన్నులు కొట్టి, 1961లో రోజర్ మారిస్ నెలకొల్పిన 61ని దాటిరి. జనము మరల మూగెను, యజమానులు సంతసించిరి. ఆ యేడే మెగ్వయిరు వస్తువులలో ఆండ్రోస్టెన్‌డయోన్ అను మందుసీసా నొక విలేఖరి చూచి ప్రకటించెను. ఆ మందు అప్పటి యాట నిబంధనలలో నిషిద్ధము గాదు. అయినను మేలుకొనుట కది చాలిన సూచన. శిక్షతో గూడిన పరీక్షలు 2004లో గాని మొదలుకాలేదు. తాను స్టెరాయిడులు వాడితినని మెగ్వయిరు 2010లో నొప్పుకొనెను.

చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, అనుమోదించినవాడు: ఈ నలుగురును కర్మఫలమున భాగస్థులని మన పెద్దలు చెప్పుదురు. ఇచ్చట ఆటగాడు కర్త. దెబ్బ దూరమునుబట్టి వేతనము పెంచిన యజమాని ప్రేరకుడు. హోరున చప్పట్లు చరచిన ప్రేక్షకుడును, పొగడిన పత్రికయు అనుమోదకులు. మాజీ సెనేటరు జార్జి మిచెల్ 2007లో ప్రకటించిన నివేదిక సైతము కమిషనర్లు, జట్ల యధికారులు, ఆటగాండ్ర సంఘము, ఆటగాండ్రు అందరును కొంతకొంత బాధ్యులే యని తేల్చెను.

అందరును దోషులైనచో నెవరును దోషులు గారని కొందరు వాదింతురు. ఇది సరిగాదు. దోషము పిత్రార్జితపు భూమివలె పంచినకొలది తరుగునది గాదు. యజమాని కన్నులు మూసికొన్నంత మాత్రమున ఆటగాని చేతిలోని సూది పవిత్రము కానేరదు. ఆ కాలముననే మందు ముట్టక యాడినవా రనేకులు గలరు. కావున దానిని నిరాకరించుట సాధ్యమే యని స్పష్టము.

ఈ విచారణలో నెవరికిని జ్ఞప్తికి రానివా డా నిరాకరించినవాడే. వాని దెబ్బ పది గజములు తక్కువగ పోయెను. వాని స్థానము మరియొకడు గైకొనెను. వానికి నష్టపరిహారము లేదు, కీర్తియు లేదు. ఆటగాండ్ర సంఘ మేకాంతహక్కు పేర పరీక్షలను చిరకాల మెదిరించి, తన సభ్యులలో నిజాయితీపరునే దిక్కులేనివానిగ జేసెను.

శిక్ష యెవరిని చేరినదో చూడుడు. అనుమానగ్రస్తులైన బారీ బాండ్సు, రోజర్ క్లెమెన్సులను పత్రికారచయితలు పదేండ్లు తిరస్కరింపగా, 2022తో హాల్ ఆఫ్ ఫేమునకు వారి ఓట్ల గడువు ముగిసెను. ఆ కాలమున ఆట నేలిన కమిషనరు బడ్ సెలిగు 2017లో నదే మందిరమున సన్మానితుడయ్యెను. పరీక్షలను ప్రవేశపెట్టుట, మిచెల్‌ను నియమించుట యాతని కాలముననే జరిగెనన్న మాట నిజము. అయినను ఒకే కాలమునకు రెండు త్రాసు లుండరాదు.

ఎవనికి నివారింపగల శక్తి హెచ్చో, ఎవనికి లాభము హెచ్చో, వాడు ముందుగ సమాధానము చెప్పవలయు ననుట మా యభిప్రాయము. ఆటగానిని శిక్షింపుడు, కాని యాతని నొక్కనిని వెలివేసి తక్కినవారు చేతులు కడుగుకొన్నచో, నది ధర్మనిర్ణయ మనిపించుకొనదు. చప్పట్లు చరచిన మనబోంటి ప్రేక్షకులును గెలుపునకు వెల యెవరు చెల్లించుచున్నారో యడుగ నేర్చుకొనవలయును.