నాబోతు ఊరి పెద్దలు



ఒక గ్రామములో సాయంకాల ఆరాధన ముగిసిన పిమ్మట యౌవనస్థుడొకడు మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, జర్మనీ లూథరు పుట్టిన దేశము గదా. ఇంటింట బైబిలున్న దేశము గదా. ఆ జనులు హిట్లరువంటివానికి ఎట్లు లోబడిరి? అందరి మెడమీదను కత్తి పెట్టెనా?"

కత్తి తరువాత వచ్చెను. మొదట వచ్చినది ఓటు.

1918లో యుద్ధమున ఓడిన దేశమది. 1923లో దాని నాణెము విలువ పోయి, జన్మమంతయు కూడబెట్టిన సొమ్ము ఒక రొట్టెకైనను చాలకపోయెను. 1932 ఆరంభమున పని లేనివారు 60 లక్షలమంది. 1928 ఎన్నికలలో హిట్లరు పార్టీకి నూటికి మూడు ఓట్లయినను రాలేదు. 1932 జూలైలో నూటికి 37 వచ్చెను. ఆకలిగొన్నవానికి అన్నము ఆశ చూపి, నీ అన్నము దొంగిలించినవాడు అదిగో ఆ యూదుడే యని వ్రేలు చూపుట అతని పద్ధతి.

చెప్పుటకు బాధగా నున్నది గాని దాచరాదు. ప్రొటెస్టంటు పల్లెలలో అతనికి మిక్కిలి ఎక్కువ ఓట్లు పడెను. సాలూరు, కోరాపుట్టు ప్రాంతములలో సువార్తపని చేసిన బ్రెక్లుము మిషను ఉత్తర జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ సీమనుండి వచ్చినది. 1932 జూలైలో ఆ సీమలో ఓటు వేసినవారిలో సగముకంటె ఎక్కువమంది అతని పార్టీకే వేసిరి.

1933 జనవరి 30న అతడు ప్రధానియయ్యెను. మంత్రివర్గములో అతనితో కలిపి ముగ్గురే ఆ పార్టీవారు. తక్కిన పెద్దమనుష్యులు ఇతనిని తమ చెప్పుచేతలలో నుంచుకొందుమని తలంచిరి. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనము కాలిపోయెను. మరునాడే మాటాడు హక్కు, కూడుకొను హక్కు, ఉత్తరముల గోప్యత యన్నియు ఒక్క ఉత్తర్వుతో పోయెను. మార్చి 23న పార్లమెంటు శాసనములు చేయు అధికారమును తానే అతనికి వ్రాసియిచ్చెను. సరే యనినవారు 444 మంది, కాదనినవారు 94 మంది. కమ్యూనిస్టు సభ్యులు అప్పటికే చెరలోనో పరారిలోనో యుండిరి. జూలై నాటికి అతని పార్టీ తప్ప వేరొక పార్టీ చట్టమునకు లేదు.

ఇది ఏలికల సంగతి. మన యౌవనస్థుడు అడిగినది జనుల సంగతి. దానికొరకు మేము అతనిచేత 1 రాజులు 21వ అధ్యాయము తీయించితిమి. నాబోతు తోటను అహాబు ఆశించెను. యెజెబెలు స్వయముగా వచ్చి రాయి విసరలేదు. ఆమె చేసినది రాజు పేరట ఉత్తరములు వ్రాసి ముద్ర వేయుటయే. ఉపవాసము చాటించినవారు, ఇద్దరు అబద్ధసాక్షులను కూర్చుండబెట్టినవారు, నాబోతును ఊరి వెలుపలికి నడిపించినవారు అతనితో ఒకే ఊరిలో కాపురమున్న పెద్దలు. ఆ ఉత్తరము చదివి ఒక్కడైనను ఇది ఎందుకని అడిగినట్లు వ్రాయబడలేదు. వారికి ఆ తోటలో వాటా దొరకినట్లును వ్రాయబడలేదు.

జర్మనీలోను అట్టి ఉత్తరములు వచ్చెను. మొదట వచ్చినవి చిన్నవి. ఒకరినొకరు పలుకరించునప్పుడు చెయ్యి చాచి నాయకుని పేరు చెప్పవలెను. 1933 అక్టోబరు మొదలుకొని చలికాలములో నెలకొక ఆదివారము ఒకే కుండలో వండినదానితో సరిపెట్టుకొని, మిగిలిన డబ్బు బీదల సహాయనిధికి ఇయ్యవలెను. బీదలకిచ్చుట మంచిదే గదా! కాని చందాకు గుమ్మములోనికి వచ్చినవాడు ఎవరిచ్చిరి, ఎవరియ్యలేదు, ఎవరి ఇంట జెండా లేదు అని చూచుకొని పోవుచుండెను. 40 నుండి 60 ఇండ్లకు ఒక్కొక్క పార్టీ మనిషి యుండెను. గెస్టాపో యను రహస్య పోలీసులు 1937లో ఆరు కోట్లకు మించిన జనమునకు సుమారు 7,000 మంది మాత్రమే. వారికి కన్నులు అరువిచ్చినవారు ఇరుగుపొరుగువారు. ప్రహరీగోడ తగాదా పడినవాడును, అద్దె విషయమున అలిగినవాడును పోయి, ఫలానావాడు నాయకుని ఎగతాళి చేసెనని చెప్పివచ్చెడివారు. ఆ మాటకు జైలు. పల్లె తగాదాలెరిగిన మన చదువరులకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు.

మమ్మును అన్నిటికంటె కలవరపెట్టునది సంఘపు పుస్తకము. 1933 ఏప్రిల్ 7న యూదు వంశస్థులను ప్రభుత్వోద్యోగములనుండి తొలగించు చట్టము వచ్చెను. తాను అట్టివాడను కానని చూపుటకు తల్లిదండ్రుల, తాత అవ్వల కాగితములు కావలెను. 1870వ దశకమునకు ముందు పుట్టినవారి వివరములు దేశములో చాలచోట్ల బాప్తిస్మపు పుస్తకములలోనే యుండెను. కాబట్టి జనులు పాస్టరుగారి యింటికి వచ్చిరి. పాస్టరుగారు బీరువా తీసి, నకలు వ్రాసి, ముద్ర వేసి యిచ్చిరి. అబద్ధమేమియు వ్రాయలేదు. ఉన్నదే వ్రాసిరి. మేమును బడికని, పెండ్లికని అట్టి సర్టిఫికెట్లు ఎన్నియో వ్రాసియిచ్చితిమి. ఎందుకని అడిగినది తక్కువ.

1935 సెప్టెంబరులో న్యూరెంబర్గు చట్టములు యూదులకు పౌరసత్వపు హక్కులు తీసివేసెను. తాత అవ్వలు నలుగురిలో ముగ్గురు యూదు మతస్థులైనచో, తాను బాప్తిస్మము పొందినవాడైనను ఆ మనుష్యుడు చట్టమునకు యూదుడే. ఏ పుస్తకము ఒకనిని క్రీస్తునందు సహోదరుడని వ్రాసికొనెనో, ఆ పుస్తకమే వానిని పట్టియిచ్చుటకు పనికివచ్చెను. 1945 నాటికి చంపబడిన యూదులు సుమారు 60 లక్షలు.

కాదనినవారు లేకపోలేదు. 1934 మే నెలలో బార్మెను పట్టణమున కూడిన సంఘ ప్రతినిధులు, సంఘము క్రీస్తు మాటకే లోబడునని, రాజ్యము మనుష్యుని జీవితమంతటికి ప్రభువు కాజాలదని ప్రకటించిరి. ఆ ప్రకటనలో యూదుల హింసను గూర్చి ఒక్క మాటయు లేదు. ఇదియు చెప్పవలసినదే. డికెన్‌షీడు అను పల్లెలో పౌల్ ష్నైడరు అను పాస్టరు ఉండెను; ఆయనకు ఆరుగురు పిల్లలు. తన సంఘమునకు తిరిగి పోరాదను ఆజ్ఞను మీరి 1937లో పోయెను. బూఖెన్‌వాల్డు శిబిరములో నుంచిరి. ఆ ఆజ్ఞకు ఒప్పుకొని ఒక్క సంతకము చేసినచో విడిచిపెట్టెడివారు. ఆయన చేయలేదు. 1938 ఏప్రిల్ 20న, నాయకుని పుట్టినదినమున, జెండాకు టోపీ తీయనందున కొట్టి చీకటికొట్టులో వేసిరి. ఆ కొట్టు కిటికీనుండి తక్కిన ఖైదీలకు వాక్యము కేకవేసి చెప్పుచుండెను. 1939 జూలై 18న ఆయనను చంపిరి.

ఇదంతయు విని ఆ యౌవనస్థుడు కొంతసేపు ఊరకుండెను. తరువాత, "అయ్యగారూ, నాబోతు ఊరికి వచ్చిన ఉత్తరము మన ఊరికి వస్తే మన పెద్దలు ఏమి చేసెడివారు?" అనెను.

సంఘ పెద్దలు నలుగురు అక్కడే చాపమీద కూర్చుండిరి. వారిలో ముసలివాడైన ఒకాయన కొంచెము తడవు తల వంచుకొని, "ముందు ఎవరి తోటో చూచుకొనెడివారము, బాబూ" అనెను. ఎవరును నవ్వలేదు.