పదిమందిలో మౌనం

మౌనం అర్ధాంగీకారం అన్నారు మన పెద్దలు. అర్ధం అన్నారే గాని పూర్తి అంగీకారం అనలేదు. అయినా మన సంఘాల సమావేశాల్లో ఆ సగాన్నే మొత్తంగా లెక్క కట్టి, "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని మినిట్సు పుస్తకంలో రాసేస్తుంటాం. మరి ఆ మిగిలిన సగం ఎవరి ఖాతాలో పడుతుంది? మేము అడగదలచింది ఆ ఒక్క ప్రశ్నే.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. సౌదీలో మనవాళ్లు ఉగాది చేసుకోవాలంటే ముందుగా ఎనిమిదిమందో తొమ్మిదిమందో గురువారం రాత్రి ఒకరి ఇంట్లో కూర్చుంటారు. ఇస్తిరాహా అద్దె ఎంత, వంట ఎవరు, పిల్లల నాటిక ఉందా లేదా, ఇవన్నీ తేలాక చివర ఒక ప్రశ్న వస్తుంది: "ఫ్యామిలీలకేనా, బ్యాచిలర్లను కూడా పిలుద్దామా?" ఈ గల్ఫు మాట మన ఊళ్లో ఎవరికీ అర్థం కాదు. జగిత్యాలలోనో నిజామాబాదులోనో భార్యాబిడ్డలుండి, ఇక్కడ క్యాంపు గదిలో ఆరుగురితో సర్దుకునే నలభై అయిదేళ్ల మేస్త్రీ కూడా బ్యాచిలరే. ఈ పేరు పెళ్లిని బట్టి వచ్చేది కాదు. ఇకామాలో రాసిన వృత్తికి భార్యను తెచ్చుకునే వీసా ఇస్తారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చేది.

వయసులో పెద్దాయన ఒకరు, "స్థలం చాలదేమో, ఆడవాళ్లకు ఇబ్బంది, ఈసారికి ఫ్యామిలీలకే పెట్టుకుందాం" అంటారు. ఎవరూ మాట్లాడరు. తీర్మానం అయిపోతుంది. కారు దగ్గరికి వచ్చాక ఒకరు, "నాకెందుకో మనసొప్పలేదండీ" అంటారు. "నాకూ అంతేనండీ, మీరంతా సరేనన్నారని ఊరుకున్నా" అంటారు రెండోవారు. మర్నాడు ఫోనులో ఆ పెద్దాయనే, "అందరి మనసులో అదే ఉందేమోనని నేను ముందుగా అన్నాను" అంటారు. తొమ్మిదిమందిలో ఒక్కరికీ ఇష్టం లేని పని తొమ్మిదిమందీ కలిసి చేశారన్నమాట!

జెర్రీ హార్వే అనే అమెరికన్ ఆచార్యుడు 1974లో ఇలాంటి దాన్నే వర్ణించి, అబిలీన్ వైపరీత్యం అని పేరు పెట్టాడు. టెక్సస్ ఎండలో ఒక ఇంటి నలుగురు, ఎవరికీ ఇష్టం లేకుండానే, ఒకరి కోసం ఒకరు ఒప్పుకుని, ఏసీ లేని కారులో రానూపోనూ నూరు మైళ్లకు పైగా ప్రయాణం చేసి అబిలీన్‌లో భోంచేసి వస్తారు. ఆ ప్రయాణం ఎలా ఉంటుందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. అయితే అక్కడ కష్టపడింది ఆ నలుగురే. మన తీర్మానం వల్ల నష్టపోయినవాడు అసలు ఆ గదిలోనే లేడు. అందుచేత దీన్ని మనస్తత్వశాస్త్రానికి వదిలేసి ఊరుకోలేం. ఇది ధర్మానికి సంబంధించిన విషయం.

భారతంలో సభాపర్వం చూడండి. ద్రౌపది ప్రశ్న అడిగింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. కౌరవులలోనే చిన్నవాడైన వికర్ణుడు లేచి ఇది అధర్మమన్నాడు. కర్ణుడు అతన్ని కుర్రవాడివని కసిరి కూర్చోబెట్టాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. విదురుడు ఆ సభకు ప్రహ్లాదుడి కథ చెబుతూ వినిపించిన కశ్యపుడి లెక్క మాత్రం అంతగా ఎవరికీ గుర్తుండదు. నిందించవలసిన దాన్ని సభ నిందించకపోతే ఆ పాపంలో సగం సభకు పెద్దయినవాడిదట, పావు చేసినవాడిది, పావు నోరు మెదపని సభ్యులది. చేసినవాడికన్నా పెద్దమనిషికి రెట్టింపు!

వినగానే అతిగా తోస్తుంది. ఆపరేషన్ థియేటర్‌లో నిలబడి చూస్తే అలా తోచదు. ఇక్కడి థియేటర్‌లో సర్జన్ ఈజిప్టువారు, మత్తు ఇచ్చేది సూడాన్ డాక్టరు, నర్సులు కేరళవారు, ఫిలిప్పీన్సువారు. ఏదో తేడాగా ఉందని ముందు గమనించేది చాలాసార్లు అందరికన్నా చిన్న ఉద్యోగి. ఆ మనిషి నోరు విప్పడం, విప్పకపోవడం సర్జన్ ముఖాన్ని బట్టి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స పట్టికలో, కోత పెట్టేముందు అందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలని ఉంది. ఒకసారి గొంతు విప్పినవారు అవసరమైనప్పుడు మళ్లీ విప్పుతారని ఆశ. ఢిల్లీ, అమ్మాన్‌లతో సహా ఎనిమిది నగరాల్లో ఆ పట్టికను పరీక్షిస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. కెనడాలో ఒంటారియోలోని 101 ఆసుపత్రుల లెక్క 2014లో వచ్చినప్పుడు అంత తేడా కనబడలేదు. మాకు ఇందులో వింతేమీ తోచలేదు. టిక్కు పెట్టడానికి ఒక క్షణం చాలు, సర్జన్ స్వభావం మారడానికి చాలదు.

మరి ఆ పావు వంతు వారి మాట? వారంతా పిరికివారని మేము అనం. పరాయి దేశంలో ఉన్నవే పదిళ్లు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే తలుపు తట్టేది వారినే. వారితో మాట పట్టింపు ఎందుకని ఊరుకుంటారు. కాని సోలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగాలు గుర్తు చేసుకోవాలి. గీతల పొడవు పోల్చమంటే, చుట్టూ ఉన్నవారంతా కావాలని తప్పు చెప్పినప్పుడు, దాదాపు మూడో వంతు జవాబులు ఆ తప్పు వైపే మొగ్గాయి. ఒక్కడు సరైన జవాబు చెబితే చాలు, ఆ మొగ్గు చాలావరకు పోయింది. ఆ ఒక్కడు మరో తప్పు చెప్పినా సరే, మొగ్గు తగ్గింది! వికర్ణుడు గెలవలేదు నిజమే. అయితే ఆ తరువాత సభలో ఎవరూ ఏకగ్రీవం అనలేకపోయారు.

అధ్యక్షస్థానంలో ఉన్నవారికి మాది చిన్న మనవి. మీ అభిప్రాయం చివర చెప్పండి. "అందరికీ సరేనా?" అని అడగకండి, దానికి ఒకటే జవాబు వస్తుంది. "ఇందులో ఇబ్బంది ఏముంది, మీరు చెప్పండి" అని పేరు పెట్టి, చిన్నవారితో మొదలుపెట్టి అడగండి. వంటింట్లో టీ కాస్తున్న ఆడవారిని కూడా.

2017 జూలై నుంచి ఇక్కడ కుటుంబసభ్యుడు ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుము వచ్చింది. ఏటా పెరిగి 2020కి అది 400 అయింది. ఎన్నో కుటుంబాలు ఇంటిదారి పట్టాయి. ఇంజనీర్లు, అకౌంటెంట్లు ఇద్దరేసి ముగ్గురేసి ఒక ఫ్లాటు పంచుకున్నారు. ఆ రోజుల్లో ఒక ఉగాది సమావేశంలో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది, ఫ్యామిలీలకేనా అని. కూర్చున్నవారిలో సగంమంది అప్పటికి బ్యాచిలర్లే. ఒకరి తరువాత ఒకరు మాట్లాడారు. స్థలం చాలదన్న మాట ఎవరూ ఎత్తలేదు.