మిత్రుని ముంగిట తండ్రి

కొండకు వచ్చు తండ్రులలో ఎందరో తమకొరకు ఏమియు కోరరు. కుమారునకు చదువు అబ్బవలెననియు, ఉద్యోగము దొరకవలెననియు మ్రొక్కుకొందురు. మ్రొక్కు చెల్లించి ఊరు చేరిన పిమ్మట, ఆ కుమారుని యోగ్యతాపత్రములు చేతబట్టుకొని, పలుకుబడి గల బాల్యమిత్రుని ఇంటికి పోవుదురు. ముంగిట నిలిచినపుడు మనస్సున ఒక సందేహము మెదలును. స్వామిని శరణు వేడినవాడు మరల మనుష్యుని అర్థింపవచ్చునా? అది విశ్వాసమునకు కొరత కాదా? బిడ్డలు గల ప్రతివానికిని ఏదో ఒకనాడు ఎదురగు ప్రశ్న ఇది.

మన పురాణేతిహాసములలో ఇట్లు మిత్రుని తలచిన తండ్రులు మువ్వురు కనబడుదురు. మువ్వురును బిడ్డలకొరకే నలిగినవారు. కాని వారి మార్గములు వేరు.

మొదటివాడు ద్రోణుడు. ధనవంతుల బిడ్డలు పాలు త్రాగుచుండగా చూచి అశ్వత్థామ తనకును పాలు కావలెనని ఏడ్చెను. తోటి బాలురు పిండి కలిపిన నీరు ఇచ్చి పాలనిరి. ఆ పసివాడు అది నమ్మి, పాలు త్రాగితినని గంతులు వేసెను. ఆ దృశ్యము చూచిన తండ్రి హృదయము ఎట్లుండును! తనతో కలిసి చదువుకొన్న ద్రుపదుడు పాంచాలరాజై యున్నాడని తలచి ద్రోణుడు ఆయన కొలువునకు పోయెను. రాజునకు పేదవానితో స్నేహమేమని ద్రుపదుడు పరిహసించెను. ఆనాడు ఒక పాడియావును ఇచ్చినను ఆ తండ్రి దీవించి పోయియుండునేమో! కాని ద్రోణుడు మరలినది కోపముతో. శిష్యులచేత ద్రుపదుని పట్టి తెప్పించి, అర్ధరాజ్యము గైకొనెను. ఆ అవమానమునుండి ధృష్టద్యుమ్నుడు జన్మించెను. యుద్ధము పదునైదవనాడు ద్రోణుని శిరస్సు తెగెను. ఏ బిడ్డ పాలకై తండ్రి బయలుదేరెనో, ఆ అశ్వత్థామ పగతో నిద్రించువారిని వధించి, శాపగ్రస్తుడై అడవుల పాలయ్యెను.

రెండవవాడు కుచేలుడు. బిడ్డల ఆకలి చూడలేక ఇల్లాలు ప్రేరేపింపగా, పిడికెడు అటుకులు కొంగున ముడివైచుకొని ద్వారకకు పోయెను. అచట అడుగలేకపోయెను. స్వామియే ముందుగా చేయి చాచి, నాకేమి తెచ్చితివని అడిగెను. ఇచ్చువాడు తాను పుచ్చుకొనువాడై, వచ్చినవాని సిగ్గును తీసివేసెను. సాయము చేయగల స్థితిలో నున్నవారు నేర్వదగిన మర్యాద ఇది. వట్టి చేతులతో మరలుచు కుచేలుడు తలచినదేమి? ధనము వచ్చిన మదించి తన్ను మరతునని స్వామి దయతోనే ఈయలేదని సంతసించెను. ఇల్లు చేరువరకు తనకు లభించినది అతడెరుగడు.

మూడవవాడు వసుదేవుడు. సాక్షాత్తు భగవంతుడే కుమారుడై జన్మించినను, ఆ తండ్రి బిడ్డను మిత్రుని ఇంటికే చేర్పవలసివచ్చెను. రోహిణియు నందగోకులముననే తలదాచుకొనెను. నందుడు పన్ను చెల్లింప మథురకు వచ్చినపుడు వసుదేవుడు ఆయనను కలిసి, రోహిణి కుమారుడు కుశలమా యని అడిగెను. చిన్నవాని మాట మాత్రము తనవాడని పెదవి దాటరాదు. గోకులమున ఉత్పాతములు తోచుచున్నవి, ఇక జాగు చేయవలదని మాత్రము హెచ్చరించెను. అతడు నందుని అడిగినది సంపద కాదు, బిడ్డల క్షేమము. ఏండ్లు గడచెను. సూర్యగ్రహణ సమయమున కురుక్షేత్రమున మరల కలిసినపుడు, వసుదేవుడు నందుని కౌగిలించుకొని కన్నీరు కార్చెను. నాడు శక్తిలేక, నేడు ఐశ్వర్యముచేత కన్నుగానక, నీకేమియు చేయనైతినని ఒప్పుకొనెను. బిడ్డలు వృద్ధిలోనికి వచ్చిన పిమ్మట ఇట్లు ఒప్పుకొను తండ్రులు ఎందరు?

దీనినిబట్టి మన సందేహము తీరుచున్నది. అడుగుట దోషము కాదు. ఫలమిచ్చువాడు స్వామి, మిత్రుడు ఆయన చేతిలోని పనిముట్టు. శరణాగతుని విశ్వాసము మిత్రుని ముంగిట అడుగిడునప్పుడు కాదు, మరలి వచ్చునప్పుడు తెలియును. లేదన్న మిత్రునిపై పగబూనినవాడు ఆతనినే దాతగా నమ్మినవాడు. కాదన్నను స్నేహము చెడనీయనివాడు, దొరకినచో ఆ ఋణమును మరువనివాడు, స్వామినే నమ్మినవాడు.

అడుగు వస్తువునకును ఒక హద్దు కలదు. పూర్వము ఆంధ్రదేశమున పేద తండ్రి కుమారుని వెంటబెట్టుకొని పట్టణమునకు పోయి, ఎరిగినవారి ఇండ్ల వారములు కుదుర్చుచుండెడివాడు. వారమున కొకనాడు ఒక ఇంట భోజనము. అట్లు ఏడిండ్ల అన్నముతో చదివి పైకివచ్చినవారు కలరు. అందు ఎవరి అన్నమును తీసివేయబడలేదు. నేడు మనము అడుగు సిఫారసు అట్టిదేనా? మన కుమారుని యోగ్యతను నలుగురికి తెలుపుమనుట ధర్మమే. దారి చూపుమనుట ధర్మమే. కాని వరుసలో ముందున్న మరియొక తండ్రి బిడ్డను త్రోసి, ఆ చోట మనవానిని నిలుపుమనుట యాచన కాదు, అపహరణము. అది మిత్రునిచేత చేయించుట అతనిని పాపమున భాగస్వామిని చేయుట. ఆ రెండవ తండ్రియు ఇదే కొండకు వచ్చి, ఇదే స్వామికి మ్రొక్కియుండును గదా!

కావున మిత్రుని ఇంటికి పోవు తండ్రి ముందుగా స్వామి సన్నిధిని నిలిచి, నేనడుగబోవునది నీ యెదుట పలుకదగినదేనా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. పలుకదగినదైనచో సంకోచింపక పోవచ్చును. వసుదేవుడే పోయిన దారి అది.