విమర్శకుడు సాక్షి

పత్రికలలో నూతనగ్రంథములను గూర్చి వెలువడు అభిప్రాయములను చదివినచో, తెలుగునాట చెడ్డపుస్తకమే పుట్టుట లేదేమో యని తోచును. కవి యెవరైనను రసజ్ఞుడే. కథ యేదైనను హృదయంగమమే. శైలి యెల్లప్పుడును ధారాళమే. పేరు మార్చి మరియొక పుస్తకమునకు అతికించినను అతుకు వాక్యములివి. వీనికి మూలము తరచుగా మొగమాటము. కష్టపడి వ్రాసినవాని మనస్సు నొప్పింపనేల యను దయ. ఆ దయ ధర్మమగునా యని విచారింపవలసియున్నది.

అప్రియమైన సత్యమును పలుకవలదని స్మృతి చెప్పుచున్నది గదా యని కొందరందురు. నిజమే; కాని ప్రియమైన అసత్యమును పలుకవలదనియు ఆ స్మృతియే చెప్పుచున్నది. అనగా, నొప్పింప నిష్టము లేనివానికి మౌనమను త్రోవ కలదు. బొంకుపొగడ్త యను త్రోవ లేదు. పుస్తకమును తిరిగి పంపివేసిన విమర్శకుడు మౌనముగా నుండవచ్చును. వ్రాయుటకు ఒప్పుకొన్న పిమ్మట మాత్రము ఆతడు బోనెక్కిన సాక్షి. సాక్షికి మొగమాటము చెల్లదు.

విమర్శకుని న్యాయాధిపతిగా భావించుట మనకు అలవాటు. తుదితీర్పు చదువరిది, విమర్శకుడు తాను చూచినదానిని చెప్పవలసినవాడు. ఇట్లు భావించినచో విమర్శనముయొక్క రూపమే మారును.

సాక్షి మొదట కన్నులార చూచియుండవలెను. 1818లో ఇంగ్లండునందలి క్వార్టర్లీ రివ్యూ పత్రిక, యువకవి కీట్సు వ్రాసిన ‘ఎండిమియన్’ కావ్యమును అపహసించెను. వ్రాసినవాడు జాన్ విల్సన్ క్రోకరు. పత్రికలో ఆతని పేరు లేదు. నాలుగు భాగముల కావ్యమున మొదటిదానిని దాటి చదువలేకపోతినని ఆతడే ఒప్పుకొనెను. 1821లో కీట్సు 25 ఏండ్లకే క్షయచే మరణింపగా, ఆ విమర్శయే ఆతనిని చంపెనను కథ పుట్టినది. అది నిజము కాదు. క్రోకరు దోషము కాఠిన్యమున లేదు. చదువక తీర్పు చెప్పుటయం దున్నది. ఆ లెక్కను, చదువక పొగడువాడును క్రోకరునకు సోదరుడే.

చూచినదానిని చూపుట రెండవ ధర్మము. 1914లో వెలువడిన కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వవిచారము’ పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమును పరిశీలించినది. అందలి అభిప్రాయములను అంగీకరింపనివారు కలరు. అయినను ఆ గ్రంథము నిలిచినది. కథాసంవిధానమును, పాత్రలను చూపి వాదించుటచే, కాదనుటకు వలయు సాధనమును సైతము ఆయన చదువరి చేతికిచ్చెను. అయిదు నక్షత్రములలో ఇన్ని యని పుస్తకమునకు వేయు నేటి వాడుక ఇందులకు విరుద్ధము. అది సాక్ష్యము లేని తీర్పు.

మూడవది, పేరు చెప్పుకొనుట. గ్రంథకర్త తనకు శిష్యుడో బంధువో యైనచో ఆ మాటను దాచకుండుట. లండనునందలి టైమ్స్ లిటరరీ సప్లిమెంటు 1902లో పుట్టి, విమర్శకుల పేర్లు ప్రకటింపని పద్ధతిని చిరకాలము పాటించి, 1974లో విడిచెను. మన పత్రికలలో రెండక్షరముల పొట్టిపేరు చాటున నిలుచువారు దీనిని ఆలోచింపవలెను.

ఇందు నష్టపోవువా రెవరు? నెలజీతమున మిగిల్చి పిల్లలకు పుస్తకము కొను గృహస్థుడు మొదటివాడు. రెండుమారులు మోసపోయిన పిమ్మట ఆతడు పుస్తకములనే మానును. అంతకంటె నష్టపోవునది గ్రంథకర్త. తొలికథలను అచ్చువేసికొన్న యువతిని, ‘స్త్రీ వ్రాసినది గదా’ యని మెచ్చి పంపివేయుట గౌరవము కాదు. ఆమె రచనను చదువనక్కరలేదని చెప్పుటయే. తప్పు చూపువాడు, ఆమె ఇంతకంటె బాగుగా వ్రాయగలదని నమ్మినవాడు.

ఆధారము లేనిది వ్రాయనని, అక్కరలేనిది చెప్పనని కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యారంభమున ప్రతిజ్ఞ చేసెను. ఆ నియమము విమర్శకునకును చాలును. దానిని పాటించినచో మన సమీక్షలు పొట్టివగును. కొన్ని అసలే రావు. వచ్చినవానిని మాత్రము చదువరి నమ్మును.